పాత పిస్టల్‌కి కొత్త చెక్క పిడి: ఇనుము జోలికి పోకుండా ఎలా బిగించాలి

నెలకి ఇద్దరైనా ఇదే అడుగుతారు. ఒకరిది మామగారి నుంచి లైసెన్స్‌తో సహా వచ్చిన వెబ్లీ, ఇంకొకరిది తాతగారు కూర్గ్ కాఫీ తోటల్లో ఉన్నప్పుడు కొన్న కోల్ట్. పిస్టల్ బాగానే ఉంటుంది. పిడికి రెండు వైపులా ఉండే నల్ల పలకలే పగిలి ఉంటాయి, లేదా ఎవరో ఎప్పుడో ఫెవిక్విక్ పోసి అతికించి ఉంటారు. "వీటి బదులు చెక్కవి వేసుకోవచ్చా, బెంగళూరులో ఎవరు చేస్తారు?" అని ప్రశ్న.

వేసుకోవచ్చు. ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు, రెండు మూడు ఆదివారాలు చాలు. ఒక్క నియమం మాత్రం మొదటి నుంచి చివరి దాకా పట్టుకోండి: చెక్క సరిపోకపోతే చెక్కనే అరగదీయాలి, ఇనుముకి ఆకురాయి తగలకూడదు. ఫ్రేమ్‌ని (పిస్టల్ ఇనుప చట్రాన్ని) కాస్త గీకేస్తే చెక్క చక్కగా కూర్చుంటుందనే ఆలోచన పని మధ్యలో తప్పకుండా వస్తుంది. అది వచ్చినప్పుడు లేచి కాఫీ తాగి రండి.

ఇంకో మాట. ఇక్కడ చెప్పేది లైసెన్స్ ఉన్నవాళ్ళ కోసం. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేనివాళ్ళ చేతిలో పిస్టల్ ఉండకూడదు. కాబట్టి వీధి చివర వడ్రంగి ఎంత నమ్మకస్తుడైనా పిస్టల్ తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి "దీనికి చెక్క కొట్టు" అనకండి. పిస్టల్ ఇంట్లోనే ఉంటుంది, పాత పలకలే బయటికి వెళ్తాయి. పలకలు విప్పడం కూడా మీవల్ల కాకపోతే రిపేరు లైసెన్స్ ఉన్న ఆయుధాల షాపు ఉండనే ఉంది.

పాత నల్ల పలకలు ఎందుకు పాడవుతాయో ఒక్క ముక్కలో చెప్తాను, ఎందుకంటే చాలామంది వాటిని కడిగి చెడగొడతారు. అవి మామూలు ప్లాస్టిక్ కావు. చాలావరకు గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు, అంటే ఎబొనైట్. వెలుతురుకి గోధుమ రంగు తిరుగుతాయి, వయసు మీద పడితే పెళుసెక్కుతాయి, వేడి తగిలితే మెత్తబడి వంకర తిరిగి గంధకం వాసన కొడతాయి. జిడ్డు పోవాలని వేడి నీళ్ళలో వేశారో, ఇక అంతే. తడి గుడ్డతో తుడవండి, చాలు.

కావలసినవి

- స్క్రూ గాడిలో సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ (దీని గురించి కింద వేరుగా చెప్పాను)
- ఒక జానెడు గాజు పలక, 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం, అంచులు రుద్దినది
- ఎమెరీ పేపర్: 120, 180, 240, 320, 400
- సన్న ఆకురాళ్ళ సెట్టు, అందులో ఒకటి అర్ధచంద్రాకారంది
- వెర్నియర్ (ప్లాస్టిక్‌ది చాలు)
- కాటుక డబ్బా
- చేతి డ్రిల్ కంటే స్టాండ్ డ్రిల్ మేలు. లేకపోతే ఆ ఒక్క పనికి వడ్రంగి షాపుకి చెక్క పట్టుకెళ్ళండి
- డబల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, లేదా చపడా లక్క, స్పిరిట్
- తేనెమైనం, లేదా గట్టి వ్యాక్స్ పాలిష్
- దుమ్ము మాస్కు

పనిముట్లన్నీ ఎస్.జె.పి. రోడ్డులో ఒక్క చక్కర్‌లో దొరుకుతాయి. కాటుకకి మాత్రం చిక్‌పేట దాకా పోనక్కర్లేదు, మీ వీధి కొట్లో ఉంటుంది.

చెక్క ఏది?

అక్రోట్ చెక్క మొదటి ఎంపిక. తుపాకీ బట్‌లకి తరతరాలుగా దాన్నే ఎందుకు వాడుతున్నారో ఒకసారి ఆకురాయి పెడితే తెలుస్తుంది. గట్టిగా ఉంటూనే అంచులు రాలకుండా తెగుతుంది. రెండోది రోజ్‌వుడ్. చూడ్డానికి దీన్ని మించింది లేదు. కానీ దాని దుమ్ము చాలామందికి దురద, తుమ్ములు తెప్పిస్తుంది, మాస్కు లేకుండా ముట్టొద్దు. కొత్త రోజ్‌వుడ్ దుంగ కోసం వెతికే బదులు పాత ఫర్నిచర్ చూడండి. విరిగిపోయిన పాత మంచం కోడు ఒక్కటి దొరికితే నాలుగు పిస్టళ్ళకి సరిపోతుంది. పైగా అది యాభై ఏళ్ళుగా ఇంట్లో ఆరిన చెక్క, ఇక వంకర పోయే బాధ తక్కువ.

టేకు చాలామంది ఇంట్లో ఉంటుంది కాబట్టి అడుగుతారు. పలుచటి అంచుల దగ్గర నార వెంట చీలుతుంది, నాకు నచ్చదు, నేర్చుకోవడానికి మొదటి జత టేకుతో చేసి పారేయండి. ఎర్రచందనం వద్దు. దాని వెనక ఉండే పర్మిట్ల టెన్షన్ రెండు చిన్న పలకల కోసం పడాల్సింది కాదు. చన్నపట్న బొమ్మల చెక్క వాడొచ్చా అని ఒకాయన అడిగారు. అది మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్రే. లేత రంగు, మెత్తటి చెక్క, లక్క పూతకి బాగుంటుంది, స్క్రూ ఒత్తిడికి ఆగదు.

రెండు పలకలూ ఒకే ముక్కలోంచి కోయించండి, పుస్తకం తెరిచినట్టు. అప్పుడే రెండు వైపులా గీతలు జత కుదురుతాయి. నార పిడి పొడవునా, పై నుంచి కిందికి పోవాలి. అడ్డంగా పోయిందంటే అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి, స్క్రూ బిగించిన రోజే చీలుతుంది. కోయించిన ముక్కల్ని మీ ఇంట్లోనే రెండు మూడు వారాలు గాలి తగిలేలా ఉంచి ఆ తర్వాతే మొదలుపెట్టండి.

విదేశం నుంచి రెడీమేడ్ నకలు పలకలు తెప్పించుకునే వాళ్ళూ ఉన్నారు. పార్సెల్ మీద 'పిస్టల్ భాగాలు' అని ఉంటే కస్టమ్స్‌లో ప్రశ్నలు వస్తాయి కాబట్టి ముందే లైసెన్స్ ఉన్న డీలర్‌తో మాట్లాడండి. వచ్చాక కూడా అవి నేరుగా కూర్చుంటాయని అనుకోవద్దు. 5వ మెట్టు నుంచి పని వాటికీ ఉంటుంది.

1. ఖాళీ చేయడం

ముందు మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) తీయండి. ఆ తర్వాత స్లైడ్ (పైన వెనక్కి జరిగే ఇనుప భాగం) వెనక్కి లాగి ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) చూడండి. ఈ వరస తిరగబడితే, అంటే స్లైడ్ లాగాక మ్యాగజైన్ తీస్తే, ఛాంబర్‌లో కొత్త తూటా కూర్చుని ఉంటుంది. కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. రివాల్వర్ అయితే సిలిండర్‌లో ప్రతి గదీ. తూటాలన్నీ వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వేయండి, పని చేసే బల్ల మీద ఒక్కటి కూడా ఉండకూడదు. భోజనానికి లేచి వచ్చినా, ఫోన్ ఎత్తి వచ్చినా మళ్ళీ మొదటి నుంచి చూడండి. నేను ఇప్పటికీ అలాగే చూస్తాను.

2. స్క్రూ విప్పడం

ఎక్కువ పిస్టళ్ళు పాడయ్యేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ కొన ఉలిలా వాలుగా ఉంటుంది. స్క్రూ గాడి మాత్రం నిటారు గోడలతో ఉంటుంది. వాలు కొన గాడి పై అంచులనే పట్టుకుంటుంది, బలం పెట్టగానే పైకి జారి గాడిని నమిలేస్తుంది, ఆ ఊపులో పక్కనున్న బ్లూయింగ్ (ఇనుము మీది నల్ల-నీలి పూత) మీద ఒక తెల్లటి గీత. ఆ గీత పోదు. పాత పిస్టల్ చేతిలోకి తీసుకోగానే తెలిసినవాళ్ళు మొదట చూసేది స్క్రూ తలల్నే.

మంచి స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని దాని కొనని నూనెరాయి మీద రుద్ది రెండు ముఖాలూ సమాంతరంగా చేసుకోండి. కొన గాడిలో అడుగు దాకా దిగాలి, అటూ ఇటూ కదలకూడదు. వెడల్పు స్క్రూ తల కంటే వెంట్రుకవాసి తక్కువ ఉండాలి, ఎక్కువైతే చుట్టూ ఉన్న పలకని గీస్తుంది. స్క్రూ చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించండి. పిస్టల్‌ని గుడ్డ పరిచిన బల్ల మీద చదునుగా పెట్టి, పై నుంచి నిటారుగా నొక్కుతూ తిప్పండి.

కదలకపోతే బలం పెంచకండి. సన్న నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ముందు బిగించే వైపు ఒక పిసరు కదిపి, తర్వాత విప్పండి, తుప్పు పట్టు వదులుతుంది. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ కొన స్క్రూ తల మీద అరనిమిషం పెట్టొచ్చు, కానీ పాత ఎబొనైట్ పలకని కాపాడుకోవాలంటే ఈ పద్ధతి వద్దు, వేడికి అది మెత్తబడుతుంది.

స్క్రూ పోగొట్టుకోకండి. పాత పిస్టళ్ళ మరలు మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే కొలతలకి కలవవు. ఉదాహరణకి కోల్ట్ 1911 గ్రిప్ స్క్రూకి అంగుళానికి 50 చుట్లు. చూడ్డానికి సరిపోయినట్టున్న మామూలు మెట్రిక్ స్క్రూని బలవంతంగా తిప్పితే ఫ్రేమ్‌లో మర అరిగిపోతుంది. అప్పుడు చెక్క పని కాస్తా గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాళ్ళ) పని అవుతుంది. ఎడమ స్క్రూ, కుడి స్క్రూ వేర్వేరు కవర్లలో పేరు రాసి పెట్టండి.

3. పాత పలక తీయడం

అంచు కింద స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపడం నూటికి తొంభైమంది చేసే తప్పు. పలక మూల విరుగుతుంది, ఫ్రేమ్ గీసుకుంటుంది. చాలా మోడళ్ళలో మ్యాగజైన్ తీసేశాక లోపలి నుంచి పలక వెనక భాగం కాస్త కనిపిస్తుంది. అక్కడి నుంచి ఐస్‌క్రీమ్ పుల్లతో మెల్లగా బయటికి తోయండి. పలక ఏ గాడిలోనైనా దూరి ఉందేమో చూసుకోండి, అలా ఉంటే ముందు పక్కకి జరిపితే గానీ పైకి రాదు.

వెబ్లీ అండ్ స్కాట్ ఆటోమేటిక్ ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా: కుడి పలక కింద 'వి' ఆకారంలో వంచిన పెద్ద స్ప్రింగ్ ఉంటుంది. దాన్ని కదపకండి, వేలు కూడా పెట్టకండి. మీ పిస్టల్ ఏదైనా, పలక తీయగానే లోపల కనిపించేదాన్ని ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆ ఫోటో మీ దగ్గరే ఉంచుకోండి, సీరియల్ నంబర్ కనిపించే ఫోటోలు గ్రూపుల్లో పెట్టొద్దు.

పలక కింద ఎర్ర తుప్పు ఉంటుంది, చెమట అంతా అక్కడికే దిగుతుంది. నూనె గుడ్డతో రుద్దండి, వచ్చినంత రానివ్వండి. ఎమెరీ పేపర్ పెట్టి మెరిపించొద్దు.

4. నమూనా గీయడం

అట్ట ముక్క మీద పాత పలక పెట్టి 0.5 పెన్సిల్‌తో చుట్టూ గీయండి. పలక విరిగి ఉంటే ముక్కలు కలిపి వెనక టేప్ వేసి గీయండి. వెర్నియర్‌తో నాలుగు చోట్ల మందం కొలిచి ఆ అట్ట మీదే రాయండి: పై అంచు, కింది అంచు, స్క్రూ దగ్గర, బాగా ఉబ్బిన చోట. స్క్రూ తల ఎంత లోతులో కూర్చుంటుందో కూడా.

ఒక జాగ్రత్త. ఎబొనైట్ ఏళ్ళ తరబడి కుంచించుకుపోతుంది. అందుకని అట్ట మీది గీతకి బయటగా ఒక మిల్లీమీటర్ వదిలి చెక్క కోయండి. తగ్గించడం ఎప్పుడైనా కుదురుతుంది.

వడ్రంగితో కోయిస్తుంటే ఇప్పుడు ఆ అట్టా, పాత పలకా తీసుకెళ్ళండి. "కత్తి పిడికా సార్?" అని అడుగుతారు. మీ ఇష్టం, నేనైతే అవుననే అంటాను.

5. వెనక వైపు చదును చేయడం

గాజు పలక మీద 120 పేపర్ టేప్‌తో అంటించి, చెక్క వెనక ముఖాన్ని దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దండి. తర్వాత 180, 240. ముందే పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి పెట్టుకుంటే అన్ని గీతలూ పోయినప్పుడే చదునైందని తెలుస్తుంది. చేత్తో పట్టుకుని రుద్దితే అంచులు అరిగి మధ్య ఉబ్బుతుంది, అలాంటి పలక ఎంత బిగించినా ఊగుతూనే ఉంటుంది.

రెడీమేడ్ నకళ్ళలో ఎక్కువ లోపం ఇక్కడే. పైన నిగనిగలాడుతుంటాయి, వెనక గాజు మీద పెట్టి మూల నొక్కితే టకటకమంటాయి.

6. అంచులు కూర్చోబెట్టడం

ఇదే అసలు పని. ఒక ఆదివారం దీనికే పోతుంది.

ఫ్రేమ్‌లో పలక ఆనుకునే మెట్టు అంచు ఉంటుంది కదా, దాని మీద వేలితో కాటుక పలుచగా రాయండి. ఎంత పలుచగా అంటే, ఇనుము కాటుక కింద నుంచి కనిపిస్తూ ఉండాలి. చెక్కని దాని స్థానంలో పెట్టి నిటారుగా నొక్కి తీయండి. చెక్క మీద ఎక్కడ నల్లగా అంటుకుందో అక్కడే తగులుతోంది. ఆ నల్లటి చోటు మాత్రమే ఆకురాయితో రెండు మూడు సార్లు లాగండి. మళ్ళీ పెట్టండి, మళ్ళీ నొక్కండి. మొదట్లో ఒకటి రెండు చోట్లే మచ్చలు పడతాయి. పోనుపోను మచ్చలు ఎక్కువై, పలుచబడి, చివరికి అంచు పొడవునా సన్నటి నల్ల గీత వస్తుంది. అప్పుడు ఆపండి.

లేత రంగు చెక్కలో కాటుక రంధ్రాల్లోకి దిగి మిగిలిపోతుంది. అలాంటప్పుడు మామూలు పెన్సిల్ పొడి వాడండి.

గీత పూర్తిగా వచ్చాక, మెట్టుకి ఆనుకునే అంచుల్ని ఇంకొక్కసారి, ఒకే ఒక్క లాగుడు, తగ్గించండి. ఈ సందు ఎందుకంటే చెక్క తడికి అడ్డంగా ఉబ్బుతుంది. చెన్నైలో ఉన్న మా బావ తన పాత పలకలు కొరియర్‌లో పంపితే ఇక్కడ ఏప్రిల్ ఎండల్లో రోజ్‌వుడ్ జత చేసి పంపాను. బిగించిన రోజు వీడియో కాల్‌లో చూపించి తెగ మురిసిపోయాడు, సందు లేకుండా కూర్చుంది. నవంబరు వానల్లో ఫోన్: "బావా, ఇది ఊడి రావట్లేదు, కింద చిన్న చీలిక కూడా కనిపిస్తోంది." బెంగళూరు పొడిగాలికి సరిగ్గా కుదిరిన చెక్క చెన్నై తేమకి ఉబ్బి ఫ్రేమ్‌లో ఇరుక్కుంది. కొత్త జత చేయాల్సి వచ్చింది. తోసి పెడితే తప్ప పట్టనంత బిగువుగా ఉందంటే అది గొప్ప ఫిటింగ్ కాదు.

7. స్క్రూ రంధ్రం

పైభాగం గుండ్రంగా చెక్కకముందే రంధ్రం వేయాలి. ఎందుకంటే ఇప్పుడు చెక్క రెండు ముఖాలూ చదునుగా ఉన్నాయి, డ్రిల్ కింద నిటారుగా కూర్చుంటుంది. గుండ్రంగా చేశాక వేస్తే వాలుగా పోతుంది.

పాత పలక బాగుంటే దాన్ని చెక్క మీద పెట్టి గుర్తు పెట్టొచ్చు, కానీ నేను దాన్ని నమ్మను, కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి. ఫ్రేమ్‌లోని స్క్రూ రంధ్రం చుట్టూ కాటుక రాసి, ఇప్పటికే అంచులు కుదిరిన చెక్కని పెట్టి నొక్కండి. చెక్క వెనక చిన్న నల్ల ఉంగరం పడుతుంది. దాని మధ్యలో సూదితో గుచ్చండి. అదే కేంద్రం.

ముందు 1.5 మిల్లీమీటర్ల సన్న రంధ్రం వెనక నుంచి ముందుకి, కింద పనికిరాని చెక్క పెట్టి. తర్వాత ముందు వైపు నుంచి స్క్రూ తల కూర్చునే పెద్ద గుంట. చివరికి స్క్రూ కాడ పోయే రంధ్రం. ఈ వరస మారితే పెద్ద డ్రిల్‌కి ఆనుకునే కేంద్రం పోయి పక్కకి జారుతుంది. కాడ రంధ్రం స్క్రూ కంటే 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండాలి. స్క్రూ చెక్కలో మర చేసుకుంటూ దిగుతోందంటే రంధ్రం చిన్నదని అర్థం.

స్క్రూ తల కింద ఇత్తడి వాషర్ లేదా చిన్న ఇత్తడి గొట్టం ముక్క పెట్టి అరాల్డైట్‌తో అతికిస్తే ఒత్తిడి పంచుకుంటుంది. రోజ్‌వుడ్‌లో సహజంగానే జిడ్డు ఉంటుంది, అతికించే ముందు గుంటని థిన్నర్ గుడ్డతో తుడవకపోతే ఆరు నెలల్లో ఊడొస్తుంది.

వెబ్లీ మార్క్ 4 రివాల్వర్, దాని పోలికలోనే కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్ ఉన్నవాళ్ళకి పొడవాటి స్క్రూ ఒక్కటే రెండు పలకల్నీ కలుపుతుంది. అక్కడ ఒక పలక పూర్తిగా కుదిరాక, దాన్ని బిగించి ఉంచే రెండో దానికి గుర్తు పెట్టండి.

8. పైభాగం చెక్కడం

ఆకురాయి, ఎమెరీ, ఓపిక. పాత పలక మందాలు అట్ట మీద ఉన్నాయి కదా, వాటికి అర మిల్లీమీటర్ ఎక్కువగా ఆపి, చేత్తో పట్టుకుని చూస్తూ తగ్గించండి. ఫ్రేమ్ అంచు దగ్గర చెక్కని ఇనుముతో సమంగా చేయడానికి పలకని పిస్టల్ మీద ఉంచి రుద్దొద్దు. బయట రుద్ది, పెట్టి చూసి, మళ్ళీ బయట రుద్దండి. విసుగే. నేను ఒకసారి బద్ధకించి టేప్ అంటించాను కదా అని పిస్టల్ మీదే రుద్దాను. టేప్ చిరిగింది. వెనక పట్టీ మీద గోరంత బ్లూయింగ్ పోయింది, ఇప్పటికీ దాన్ని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

చతురస్రాల గళ్ళు చెక్కడం గురించి కూడా అడుగుతారు. మొదటి జతకి వద్దు. నున్నటి చెక్క కూడా చేతిలో బాగానే నిలుస్తుంది.

9. పూత వేయకముందే పరీక్ష

తూటా లేదని మళ్ళీ చూసుకుని, స్క్రూలు బిగించండి. బొటనవేలు, చూపుడువేలు మాత్రమే వాడి, ఆగిన చోట ఆపండి. మణికట్టు బలం పెట్టొద్దు. మొదటిసారి నేను మణికట్టుతో ఇంకో పావు చుట్టు తిప్పాను. 'టిక్' మని చిన్న చప్పుడు, స్క్రూ నుంచి అంచు దాకా వెంట్రుకంత చీలిక. రెండు వారాల పని.

- ఖాళీ మ్యాగజైన్ పెట్టి, బటన్ లేదా క్లిప్ నొక్కి తీయండి. ముందు ఎంత తేలిగ్గా వచ్చేదో అంతే తేలిగ్గా రావాలి. గీసుకుంటుంటే స్క్రూ పొడవై లోపలికి పొడుచుకొచ్చిందేమో. మ్యాగజైన్ పక్కన మార్కర్‌తో రంగు పూసి పెట్టి తీయండి, గీత పడితే స్క్రూదే తప్పు. స్క్రూ తల కింద వాషర్ చేర్చండి, స్క్రూని కోయొద్దు, అది అసలుది.
- సేఫ్టీ రెండు స్థానాల్లోనూ 'క్లిక్' మని కూర్చోవాలి. చెక్క మూల దానికి తగిలితే చెక్కకి గుంట పెట్టండి.
- పిడి వెనక నొక్కుడు సేఫ్టీ ఉన్న కోల్ట్ 1903, బ్రౌనింగ్ 1910 లాంటి వాటిలో అది నొక్కి వదలగానే పూర్తిగా వెనక్కి రావాలి. ఇది తప్పితే పలక పెట్టినట్టే కాదు. తీసేసి లోపలి వైపు కాటుకతో ఎక్కడ తగులుతోందో వెతకండి.
- సిగరెట్ కాగితం ముక్క అంచు కింద దూర్చి చూడండి. ఒకచోట దూరి ఇంకోచోట దూరకపోతే వెనక ముఖం చదును కాలేదు.
- పలకని రెండు వైపులా బొటనవేళ్ళతో పట్టి పక్కకి తిప్పే ప్రయత్నం చేయండి. కదిలితే స్క్రూ బిగించడం మందు కాదు, అంచు దగ్గర సందు ఎక్కువైంది. అరాల్డైట్‌లో అదే చెక్క పొడి కలిపి లోపలి అంచుకి పలుచగా పూసి, ఆరాక మళ్ళీ 6వ మెట్టు.

ఇవన్నీ పూతకి ముందే. పూత వేశాక రుద్దాల్సి వస్తే మళ్ళీ మొదటికి వస్తారు.

10. పూత

అక్రోట్‌కి డబల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్. గుడ్డతో పలుచగా పూసి, పావుగంట ఆగి మిగిలింది పూర్తిగా తుడిచేయండి. రోజుకొక పూత, నాలుగైదు రోజులు. జిగటగా మిగిలిందంటే తుడవడం తక్కువైందనే. నూనె గుడ్డని ఉండ చుట్టి డబ్బాలో పడేయొద్దు, అది తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్ళలో ముంచండి, లేదా బాల్కనీ తీగ మీద విప్పి ఆరేయండి.

రోజ్‌వుడ్ మీద లిన్సీడ్ ఆరడానికి మొరాయిస్తుంది. దానికి స్పిరిట్‌లో కరిగించిన చపడా లక్క రెండు పలుచటి పూతలు, పైన మైనం. కానీ లక్క పూతకి శానిటైజర్ శత్రువు, తడి చేత్తో పట్టుకుంటే తెల్ల మచ్చ పడుతుంది.

ఏ పూత అయినా వెనక వైపు, రంధ్రం లోపల, అంచులకి కూడా వేయండి. ముందు మాత్రమే వేస్తే వెనక నుంచి తేమ పీల్చి పలక విల్లులా వంగుతుంది.

11. చివరి బిగింపు

ఇనుము మీద పలక ఆనుకునే చోట నూనె కాకుండా మైనం రాయండి. నూనె చెక్కలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది, ముదురు మచ్చ వేస్తుంది. స్క్రూ వదులవుతుందని లోక్‌టైట్ (మరని పట్టి ఉంచే జిగురు) పోసే వాళ్ళున్నారు, ఈ చిన్న స్క్రూలకి వద్దు, ఇంకోసారి విప్పేటప్పుడు గాడి పోతుంది. మర మీద రంగులేని గోళ్ళ రంగు ఒక్క చుక్క చాలు.

వారం తర్వాత ఒకసారి, తొలి వానాకాలం మధ్యలో ఒకసారి స్క్రూ చూడండి. వానల్లో బిగువెక్కితే పావు చుట్టు వదులు చేయండి. ఎండల్లో వదులైతే అదే పావు చుట్టు బిగించండి.

ఎన్నికల కోడ్ వచ్చి ఆయుధాలు జమ చేయమన్నప్పుడు పని మధ్యలో ఉంటే పాత పలకలే, పగిలినవైనా సరే, పెట్టి ఇవ్వండి. పలకలు లేని పిస్టల్ స్టేషన్ మాల్‌ఖానాలో (జమ చేసిన వస్తువులు ఉంచే గదిలో) నెలల తరబడి పడుంటే లోపలికి దుమ్మూ తేమా పోతాయి. పని అయిపోయాక కూడా ఆ పాత పలకల్ని పారేయకండి. ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, ఎడమ, కుడి అని రాసి లైసెన్స్ పుస్తకం పక్కనే పెట్టండి. రేపు మీ అబ్బాయో అమ్మాయో ఆ పిస్టల్‌ని మళ్ళీ పాత రూపంలో చూడాలనుకుంటే రెండు స్క్రూలు విప్పితే చాలు.